హారన్ మావయ్య హెడ్‌లైట్లు బాగుచేసిన రాత్రి

నాది టైర్ల షెడ్డు. పక్కనే టీకొట్టు. రెంటికీ మధ్య ఓ బల్ల ఉంటుంది. సాయంత్రం పూట ఆ బల్ల మీద చేరే నలుగురిలో హారన్ మావయ్య ఒకడు. ముప్పై ఏళ్లు బండి నడిపి, మోకాళ్లు మొరాయిస్తే మానేశాడు. బండి ఆగింది గానీ నోరు ఆగలేదు. ఆ గొంతు వల్లే ఆ పేరు వచ్చింది. రెండో మనిషి లెక్కల మాస్టారు. రిటైరై ఎనిమిదేళ్లయింది. మావయ్య చెప్పే అంకెల్ని సగానికి నరకడమే ఇప్పుడాయన ఉద్యోగం.

ఆ రోజు ఓ కొత్త డ్రైవరు పాత పికప్పు బండి తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. వెనక టైరు మార్చమన్నాడు. నేను జాకీ వేస్తుంటే తన గోడు చెప్పుకోవడం మొదలెట్టాడు. హెడ్‌లైట్లు వెలుగుతాయట, ఉన్నట్టుండి ఆరిపోతాయట, కాసేపటికి వాటంతటవే వెలుగుతాయట. బల్బులు రెండుసార్లు మార్చాడు, ఫ్యూజు మార్చాడు, రిలే మార్చాడు, ఆఖరికి స్విచ్చు కూడా మార్పించాడు. షెడ్డుకి తీసుకెళ్తే బుద్ధిగా వెలుగుతాయి, రోడ్డెక్కితే మళ్లీ అదే పాట. ఇది విని బల్ల మీద మావయ్య నిటారుగా కూర్చున్నాడు. ఇంక టైరు సంగతి ఎవరికీ పట్టదని నాకప్పుడే తెలిసిపోయింది.

"అల్లుడూ, ఇలా వచ్చి కూర్చో," అన్నాడు మావయ్య. "ఇది పెద్ద జబ్బేం కాదు. పన్నెండేళ్ల కిందట నేను ఇలాంటి బండినే, నీ దానికంటే ముసలిదాన్ని, దారి మధ్యలో, చేతిలో పానా కూడా లేకుండా బాగుచేశాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు, నీకు పనికొస్తుందని చెబుతున్నాను. నేను కోతలు కోసే మనిషిని కాదని ఇక్కడ అందరికీ తెలుసు."

మాస్టారు దగ్గారు.

"ఏంటి మాస్టారూ?"

"ఏం లేదు, పొలమారింది. కానివ్వు."

"ఆ బండి మా అన్నయ్యది. అన్నయ్య తేనెటీగలు పెంచేవాడు. ఆ పని ఎలా ఉంటుందో తెలుసా అల్లుడూ, పూత ఎక్కడుంటే పెట్టెలు అక్కడికి మోసుకుపోవాలి. పోనీ పగలు పోదామా అంటే కుదరదు, ఈగలన్నీ మేతకి పోయి ఉంటాయి. చీకటి పడి అవి ఇల్లు చేరాక, పెట్టెల గుమ్మాలకి జాలీ కొట్టి, బండికెక్కించి, మళ్లీ తెల్లారేసరికి కొత్త చోట దించి, జాలీ తీసేయాలి. ఎండెక్కిందా, మూసిన పెట్టెలో మైనం కరిగి జారిపోతుంది, ఈగలు ఉక్కకి చచ్చిపోతాయి. అన్నయ్య పోయిన ఏడాది అది. చుట్టాలందరూ వదినని కూర్చోబెట్టి, ఆడమనిషివి నీకెందుకు ఈ పని, పెట్టెలు అమ్మేసి మా ఇళ్లలో ఎక్కడో ఒక చోట ఉండు అన్నారు. మా వదిన ఒకటే మాట అంది, ఒక్క పూత చూస్తాను, అది పోతే మీరు చెప్పినట్టే వింటాను అని. ఆ ఒక్క పూతా పొద్దుతిరుగుడు. నలభై పెట్టెలు. తెల్లారేసరికి అవి ప్రాణాలతో చేరితే వదిన బతుకు వదిన చేతిలో ఉంటుంది, చేరకపోతే చుట్టాల గుమ్మం ముందు ఉంటుంది. లోడు తోలింది నేను."

ఇక్కడ మావయ్య ఓ గుక్క టీ తాగాడు. గొంతు కాస్త తగ్గింది.

"మా అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. వదిన అప్పటికి కాపురానికొచ్చి ఆరు నెలలైనా కాలేదు, తనకే పందొమ్మిది నిండలేదు. నా కంచంలో అన్నం పెట్టాక గానీ తన కంచం తీసుకునేది కాదు. లైసెన్సు పరీక్ష తప్పి మంచం దిగకుండా పడుకుంటే, చొక్కా ఇస్త్రీ చేసి పెట్టి, వెళ్తావా వెళ్లవా అని గుమ్మం దాకా తరిమింది. ఈ చేతులు స్టీరింగ్ పట్టాయంటే ఆవిడ పుణ్యమే. అలాంటి వదిన మొదటి లోడు, అర్థమైందా అల్లుడూ? బండి ఆగిపోతే నేను చచ్చినట్టే లెక్క."

"అర్థమైంది మావయ్యా. లైట్లు?"

"వస్తున్నా, లైట్ల దగ్గరికే వస్తున్నా. బయల్దేరాం. తొంభై కిలోమీటర్లు."

"నలభై," అన్నారు మాస్టారు. "ఆ చేల దగ్గరికి నేనూ వెళ్లాను."

"అప్పట్లో ఆ రోడ్డు పొడుగ్గా ఉండేది మాస్టారూ, తర్వాత బాగుచేశారు. సరే, పది కిలోమీటర్లు పోయామో లేదో, గతుకులో చక్రం పడింది, ఠపీమని రెండు లైట్లూ ఆరిపోయాయి. బ్రేకు మీద కాలు వేసేలోపు మళ్లీ వెలిగాయి. వదిన నా వంక చూసింది. ఏం లేదు వదినా, రెప్ప వేసింది అన్నాను. ఇంకో కిలోమీటరు, మళ్లీ ఆరిపోయాయి. అప్పుడు ఆలోచించాను. బల్బు పోయిందా? రెండు బల్బులూ ఒక్కసారే పోవు, పోయినవి తిరిగి రావు. ఫ్యూజు ఎగిరిందా? ఎగిరిన ఫ్యూజు దానంతటది అతుక్కోదు. అంటే ఎక్కడో ఏదో అంటీ అంటకుండా ఉంది. ఇక్కడి దాకా ఏ మెకానిక్కైనా చెబుతాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బానెట్ ఎత్తి ముక్కు పెట్టాను."

"ముక్కా?" అన్నాడు డ్రైవరు.

"ముక్కే. ప్రతి తీగకీ ఒక వాసన ఉంటుంది అల్లుడూ. హారన్ తీగ వాసన వేరు, వైపర్ తీగ వాసన వేరు. ముప్పై ఏళ్లు పీల్చాను నేను. కళ్లు మూసుకుని ఏ తీగ ఎటుపోతుందో చెప్పేస్తాను. ముక్కుతో హెడ్‌లైట్ తీగ పట్టుకుని, దాన్ని నాలుక కొస మీద పెట్టుకున్నా. పన్నెండు వోల్టులుంటే పుల్లగా ఉంటుంది. పదికి దిగిందనుకో, వగరు. ఎనిమిదైతే చేదు."

టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతూనే అడిగింది, ఏమీ లేకపోతే ఎలా ఉంటుందని.

"చప్పగా ఉంటుంది చెల్లెమ్మా. నీ టీ లాగా."

"అయితే రెండోది అడక్కు."

"ఊరికే అన్నాలే. నీ చేతి టీ తాగకపోతే నాకు ఈ మాటైనా పెగలదు. అలా నలభై తీగలు రుచి చూశాను. అన్నీ పుల్లగానే ఉన్నాయి. బండిలో తప్పు లేదు, అయినా లైట్లు ఆరిపోతున్నాయి. అలా ఆరుతూ వెలుగుతూ కాలవ గట్టు దాకా చేరాం. ఆ గట్టు చూశారుగా, ఇటు నిండు కాలవ, అటు నిలువులోతు పల్లం, మధ్యలో బండి పట్టేంత దారి. గట్టు ఎక్కగానే ఆరిపోయాయి. ఇంక రాలేదు. అమావాస్య చీకటి. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. తెల్లారేదాకా ఆగుదామంటే, అక్కడికి చేరేసరికి ఎండెక్కిపోతుంది, ఈగలన్నీ పోతాయి."

ఆయన గొంతులో ఆ చీకటి ఇంకా ఉన్నట్టే అనిపించింది నాకు. కోతల మధ్య ఈ రెండు మాటలు మాత్రం మావయ్య చేతులు ఊపకుండా చెప్పాడు. డ్రైవరు కూడా టీ తాగడం మరిచిపోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అని మావయ్య మళ్లీ అందుకున్నాడు. "వదినా, నువ్వు హాయిగా పడుకో, నేనున్నాను అన్నాను. ఆవిడకి నా మీద అంత నమ్మకం. అలా తల వాల్చిందో లేదో గుర్రు పెట్టేసింది. నేను చీకట్లో బండి తోలాను. ఎలాగ? హారన్‌తో. నాకు హారన్ అని పేరెందుకొచ్చిందనుకున్నారు మీరు? ఒక్కసారి హారన్ కొడితే ఆ మోత పోయి చెట్టుకి తగిలి తిరిగొస్తుంది, ఆ తిరిగొచ్చే మోతని బట్టి అది తుమ్మా వేపా కూడా చెప్పేస్తాను. నీళ్లకి తగిలి వచ్చే మోత తడిగా ఉంటుంది. పల్లంలోకి పోయినది అసలు రాదు. తడి మోత కుడి చెవిలో, రాని మోత ఎడమ చెవిలో పెట్టుకుని, రెంటికీ మధ్య బండి పోనిచ్చాను. అరవై స్పీడు."

"చీకట్లోనా?" అన్నారు మాస్టారు.

"మొదట్లో అరవై. తర్వాత అలవాటయ్యాక ఎనభై."

సరిగ్గా అప్పుడు ఇంకో పికప్పు వచ్చి రోడ్డుకి అవతల ఆగింది. అది నాకు తెలిసిన బండే. అందులోంచి దిగి వచ్చిన మనిషినీ ఎరుగుదును. మైనం మరకల పొడుగు చేతుల చొక్కా, నెరిసిన జుట్టు, గట్టి నడక. మావయ్య వదినే. టైరులో గాలి చూపించుకోవడానికి నెలకోసారి వస్తుంది. మావయ్య వీపు రోడ్డు వైపుంది. నేను లేవబోతే ఆవిడ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, టీకొట్టు అక్క పక్కన నిలబడింది. అప్పటిదాకా నడిచిన కథ అక్క ఆవిడ చెవిలో ఊదింది. మాస్టారు ఆవిణ్ణి చూశారు, చూసి మావయ్య వైపు తిరిగి ఎన్నడూ లేనంత శ్రద్ధగా, ఊ, అన్నారు.

"మాస్టారంతటి వారు ఊ కొడుతున్నారు, వినండి మరి. సగం గట్టు దాటాక హారన్ కూడా పోయింది. బ్యాటరీ దిగిపోయింది. ఇప్పుడు చూపూ లేదు, చెవీ లేదు. ఇంకొకడైతే బండి దిగి ఏడ్చేవాడు. నేను చెవి వెనక్కి పెట్టాను. పెట్టెల్లో ఈగలు మోగుతున్నాయి. బండి ఎడమకి వాలితే ఎడమ వరస పెట్టెలు గట్టిగా మోగుతాయి, కుడికి వాలితే కుడి వరస. భయమేసి అరుస్తున్నాయన్నమాట. ఏ వరసా అరవకుండా నడిపితే బండి దారి మధ్యలో ఉన్నట్టే. వాటికీ తెలుసు, ఈ లోడు చేరకపోతే వదిన గతేంటో. అన్నయ్య చేతి మీద పెరిగిన ఈగలవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు," అంది టీకొట్టు అక్క, పక్కనున్న మనిషిని చూస్తూ.

"ఈగలే అనుకున్నాయి, ఈయన ఒక్కడూ ఎంతని కష్టపడతాడు, మనం ఓ చెయ్యి వేద్దామని. నలభై కోట్ల ఈగలు."

"పెట్టెకి పదివేలేసుకున్నా నాలుగు లక్షలు," అన్నారు మాస్టారు.

"పిల్లల్ని లెక్కెయ్యలేదు మీరు. నలభై కోట్ల ఈగలూ ఒక్కసారి, ఒకే దిక్కుకి రెక్కలు కొట్టాయి. అన్ని రెక్కలు కొడితే ఏం పుడుతుంది? గాలి. ఆ గాలి క్యాబిన్ సందుల్లోంచి దూసుకొచ్చి బానెట్ కిందికి పోయింది. అక్కడ ఫ్యాను ఉంది. ఫ్యాను గిర్రున తిరిగింది. ఫ్యాను తిరిగితే బెల్టు, బెల్టు తిరిగితే డైనమో. బ్యాటరీ నిండి పొంగింది అల్లుడూ, మూతలు ఎగిరిపడ్డాయి. లైట్లు వెలిగాయి. వెలగడమంటే మామూలుగా వెలగడం కాదు. కాలవలో చేపలు ఒడ్డుకొచ్చి చూశాయి. మూడూళ్ల అవతల కోళ్లు కూశాయి. జనం తెల్లారిందనుకుని లేచి పళ్లు తోముకున్నారు, పాలవాడు పాలు పోసి వెళ్లిపోయాడు, బడి గంట కొట్టేశారు. మాస్టారూ, మీరు కూడా ఆ రోజు అర్ధరాత్రి బడికి పోయే ఉంటారు, గుర్తు తెచ్చుకోండి."

"ఒక్కణ్ణే కూర్చుని వచ్చినట్టు గుర్తు," అన్నారు మాస్టారు.

"చూశారా, సాక్ష్యం కూడా దొరికింది. అప్పుడు సూర్యుడికి మెలకువ వచ్చింది. చూస్తే లోకమంతా తెల్లారిపోయి ఉంది. అయ్యో ఆలస్యమైందని మొహమైనా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు సూర్యుడు నలభై నిమిషాలు ముందు ఎక్కాడు. నేను బండి ఆపి, అయ్యా, నువ్విప్పుడు ఎండ కాశావంటే మా వదిన ఈగలు చస్తాయి, ఓ గంట మబ్బు చాటున కూర్చో అన్నాను. కూర్చున్నాడు. నలభై పెట్టెలూ దించాం, జాలీలు తీశాం, ఈగలు పూల మీదికి పోయాయి. అప్పుడు చెయ్యి ఊపాను. అప్పుడొచ్చింది ఎండ."

మావయ్య గ్లాసు బల్ల మీద పెట్టి అందరి మొహాలూ చూశాడు. నేను అప్పటికి టైరు బిగించి జాకీ దించేశాను, పానా పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాను. కొత్త డ్రైవరు మాత్రం నవ్వలేదు. పాపం అతనికి పొద్దున్నే లోడుంది.

"అంతా బానే ఉంది మావయ్యా," అన్నాడు అతను. "ఇంతకీ తప్పు ఎక్కడుంది?"

"తప్పా?" అన్నాడు మావయ్య. "తప్పు... నన్ను చూసి పారిపోయింది."

అప్పుడు ఆయన వెనకనించి వదిన గొంతు వినిపించింది. మెల్లగా, డ్రైవరుని ఉద్దేశించి.

"బాబూ, నీ బండికి ఈ మధ్య రంగు వేయించావా?"

డ్రైవరు తిరిగి చూశాడు. "వేయించానమ్మా. రెండు నెలలైంది. మీకెలా తెలుసు?"

"ఎడమ లైటు వెనక, బ్యాటరీ పక్కన, నల్ల తీగని బాడీకి బిగించే బోల్టు ఒకటి ఉంటుంది. అది ఎర్తు. దాని కింద రంగు పడిందేమో విప్పి చూడు. బల్బులోకి వెళ్లిన కరెంటు తిరిగి రావాల్సింది ఆ ఇనప రేకు మీదినించే. మధ్యలో రంగుంటే దానికి దారి ఉండదు. కుదుపుకి అంటుకుంటే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. తీగలూ బల్బులూ ఎన్ని మార్చినా లాభం లేదు. షెడ్డులో బండి కదలదు కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది."

మావయ్య మెడ తిప్పలేదు. గ్లాసులోకి చూస్తూనే, "ఎప్పుడొచ్చావు వదినా?" అని అడిగాడు.

"నేను గుర్రు పెట్టిన కాసేపటికి," అంది ఆవిడ.

ఇంక ఆగలేకపోయాం. నేను జాకీ మీద చతికిలబడి నవ్వాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. టీకొట్టు అక్క ఆవిడకి స్టూలు వేసి, మీరే చెప్పండి, ఈయన చెప్పినదాంట్లో నిజమెంత అని అడిగింది. మావయ్య లేచి, వదినా పోదాం, ఇంటికాడ పనుంది అన్నాడు. ఆవిడ కూర్చోమంటే కూర్చున్నాడు. ఆవిడ ముందు మావయ్య ఎదురు చెప్పడం మేమెప్పుడూ చూడలేదు.

అప్పుడు ఆవిడ చెప్పింది. వాళ్లన్నయ్య పోయాక ఆ పాత బండిని చూసినప్పుడల్లా మావయ్యకి ఏడుపొచ్చేదట. మొదటి లోడుకి వదిన మాసిన బండిలో పోకూడదని, పది రోజులు కూర్చుని చేత్తో రంగు వేశాడట. పైపైన కాదు, బోల్టులన్నీ విప్పి, ఒక్కొక్కదాని కిందా పైనా రంగు వేసి, ఆరాక మళ్లీ బిగించాడు. ఎర్తు బోల్టుక్కూడా.

"అంటే లైట్లు ఆర్పింది నువ్వేనన్నమాట," అన్నారు మాస్టారు.

"రెండుసార్లు వేశాను," అన్నాడు మావయ్య, ఎటో చూస్తూ. "రంగు మెరవాలని."

"అవతల దించాక తెల్లారింది కదా," అంది వదిన. "మా మరిది బానెట్ ఎత్తి తీగలన్నీ లాగుతున్నాడు. నల్ల తీగ మీద చెయ్యి పడినప్పుడల్లా లైట్లు వెలగడం నేను చూశాను. ఆ తీగ వెంట పోతే బోల్టు కనపడింది. పెట్టె మూతలు లేపే ఇనప పట్టీ నా చేతిలోనే ఉంది. దాంతో రంగు గీకి బిగించాను. ఆ తర్వాత మళ్లీ ఆరలేదు. అదిగో, ఆ బండే."

మళ్లీ నవ్వాం. కొత్త డ్రైవరు అప్పటికే తన బానెట్ ఎత్తి వంగి చూస్తున్నాడు. నేను కూడా పానా తీసుకుని లేవబోయాను. కానీ వదిన నవ్వలేదు. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు మావయ్య వైపు చూస్తోంది.

"వదినా, వద్దు," అన్నాడు మావయ్య.

"ఎందుకొద్దు? చేపలూ కోళ్లూ చెప్పావు కదా, గట్టు ఎలా దాటామో చెప్పలేదేం?"

ఆవిడ మా వైపు తిరిగింది.

ఆ గట్టు మీద లైట్లు పూర్తిగా పోయినప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను అంది. వెనక జాలీల వెంట ఈగలు గోల పెడుతున్నాయి. చుట్టాలన్నట్టే పెట్టెలు అమ్మేసి ఎవరింటికి పోవాలా అని ఆలోచిస్తూ కూర్చుందట. ఈగల పనికి పోయేవాళ్ల టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంటుంది. ఎరుపు ఈగల కంటికి ఆనదు, తెల్ల వెలుగైతే సందు దొరికిన ఈగలన్నీ దాని మీదికి వస్తాయి. ఆ ఎర్ర టార్చి వెలుగు బండి అద్దంలోంచి చూస్తే దారికి చాలదు. ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ముందు నడవాలి, ఇంకొకరు బండి నడపాలి. తను నడుస్తానంటే మరిది ఒప్పుకోలేదట, గట్టు మీద పాములుంటాయన్నాడట.

"అప్పటికి నాకు డ్రైవింగు రాదు," అంది వదిన. "పెట్టెలు ఎక్కించడానికి పెరట్లో వెనక్కి ముందుకి జరపడం ఒక్కటే వచ్చు. నా ప్రాణంలాంటి పెట్టెలు వెనకాల, ఇటు కాలవ, అటు పల్లం. నావల్ల కాదన్నాను. ఈ అబ్బాయి స్టీరింగ్ దిగిపోయి నన్ను కూర్చోబెట్టి, నీ చేతి అన్నం తిన్న చెయ్యి వదినా ఇది, ఈ టార్చి పక్కకి పోదు, దీని వెంట రా చాలు, అన్నాడు."

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"టార్చి వెనక్కి పట్టుకుని ముందు నడిచాడు. నేను ఫస్టు గేరులో వెనకాల. మధ్యలో బండి నా చేతిలో రెండుసార్లు ఎగిరింది, ఒకసారి బంపరు వెళ్లి వీడి నడుముకి తగిలింది. పడి లేచి, ఏం కాలేదు వదినా, క్లచ్చి మెల్లగా వదులు అన్నాడు. తిట్టలేదు. చెప్పు తెగితే అక్కడే వదిలేసి ఉత్త కాళ్లతో నడిచాడు. గట్టు దిగేసరికి తూర్పు తెల్లబడింది, అప్పుడు ఇద్దరం క్యాబిన్‌లో కూర్చున్నాం. వీడు కాళ్లు పెట్టిన చోట రబ్బరు మ్యాటు తడిగా ఉంది. మంచు నీళ్లనుకున్నాను. పెట్టెలు దించాక చూస్తే నెత్తురు."

"ముళ్లు," అన్నాడు మావయ్య. "గట్టు మీద తుమ్మ ముళ్లు. అందరికీ గుచ్చుకుంటాయి."

"నలభై పెట్టెల్లో ఒక్కటి పోలేదు. ఇప్పుడు నూట పదయ్యాయి. నేనెవరి గుమ్మం ముందూ నిలబడలేదు. ఆ రాత్రి ఇంకొకరైతే, ఆడమనిషికి స్టీరింగ్ ఇస్తారా? బండీ పెట్టెలూ అక్కడే వదిలేసి రోడ్డు దాకా నడిచి, లారీ ఎక్కి వెనక్కి వచ్చేవాళ్లు. నేను ఇవాళ ఒక్కదాన్నే బండి తోలుకుంటూ తిరుగుతున్నానంటే, అది ఈ అబ్బాయి నేర్పిందే. పన్నెండేళ్లలో ఈ మాట ఒక్కసారీ నోటితో చెప్పలేదు నేను. చెబితే ఏడుస్తాడని."

ఆవిడన్నట్టే అయింది. మావయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టీకొట్టు అక్క అడగకుండానే రెండో టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ముప్పై ఏళ్ల డ్రైవరు, స్టీరింగ్ దిగి తన బండి ముందే తను నడిచాడంటే మేం నవ్వుతామనుకున్నాడేమో. చేపలూ కోళ్లూ సూర్యుడూ, అదంతా దీన్ని కప్పెట్టడానికేనని నాకప్పుడు తోచింది. నిజంగానే రోజూ ఆయన్ని ఏడిపించేవాళ్లం, నవ్వే ఉండేవాళ్లం. నాకు సిగ్గేసింది.

అవతలనించి కొత్త డ్రైవరు కేకేశాడు, బోల్టు కింద నిజంగానే రంగుందమ్మా అని. వదిన నా చేతిలో పానా తీసుకుని అటు నడిచింది. గీకి బిగించాక డ్రైవరుని కూర్చోబెట్టి లైట్లు వేయమంది, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి బండిని గట్టిగా ఊపింది. లైట్లు ఆరలేదు. డ్రైవరు దిగి వచ్చి, రేపటి లోడు మీ దయేనమ్మా అని ఆవిడకి దణ్ణం పెట్టాడు. నాక్కాదు, రంగు వేసినాయనకి పెట్టు, ఆయన తప్పు చేయబట్టే నాకు తెలిసింది అంది ఆవిడ. అతను నిజంగానే మావయ్యకీ పెట్టాడు.

ఆవిడ తిరిగి వచ్చి కూర్చున్నాక మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి అంకె లేనిదే ఏ కథా పూర్తి కాదు.

"గట్టు మీద ఎంత దూరం నడిచుంటాడమ్మా?"

"ఆరు కిలోమీటర్లు," అంది వదిన.

మావయ్య తువ్వాలు తీశాడు. మేమంతా ఆయన నోటి వైపే చూశాం. అరవై అంటాడా, ఆరొందలంటాడా అని.

"అంత ఉండదులే వదినా," అన్నాడు మెల్లగా. "నాలుగు, నాలుగున్నర ఉంటుందేమో."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఆవిడ చెప్పింది కదా," అన్నారు. "ఆరే."